నాలుగు బాకాల ఇంజిన్

కారు గురించి ఏమీ తెలియకుండానే కారు గురించి గంటసేపు మాట్లాడగలిగే మనుషులకు మా కర్నూలులో ఏనాడూ కొదవ లేదు. ఇప్పుడు వాళ్ల చేతికి ఫోను కూడా వచ్చింది. మా షెడ్డుకు వచ్చిన ఒక రాళ్ల ఫ్యాక్టరీ ఆసామి వాళ్లందరినీ మించినవాడు. కడప వైపు నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఆయనది. తండ్రి దాకా సేద్యమే. ఈయనకు మాత్రం ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, నల్లకళ్లద్దాలు, వాటికి తోడు బెంగళూరులో కొన్న పాతకాలపు రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఆ బండి వయసు నా వయసు కంటే ఎక్కువ. దాన్ని ఎందుకు కొన్నావని అడిగితే, పక్కూరివాడి దగ్గర లేదు కాబట్టి అన్నాడు. కనీసం అబద్ధం చెప్పలేదు.

దాని ఇంజిన్ను కల్లూరులో మా షెడ్డులోనే విప్పి కట్టాం. కట్టాం అనకూడదు, కట్టింది ఉస్తాద్. నాకు పని నేర్పినవాడు. ముప్పై ఏళ్లుగా కార్బురేటర్లు నా వంతు, మిగతాదంతా ఆయన వంతు. సిలిండర్ల లోపలి బోరు పెద్దది చేయించి, పిస్టన్లు మార్చి, హెడ్డు చెక్కించి, నాలుగు నెలలు దాని మీదే కూర్చున్నాడు. అప్పటికే ఆయనకు చూపు బాగా మందగించింది. బోరులోకి వేలు పెట్టి తడిమి వెంట్రుకవాసి తేడా కూడా చెప్పేవాడు. "ఇదే ఆఖరుదిరా. దీని తర్వాత పానా పట్టను. ఇది పదేండ్లు తిరగాల, ఎవురు కట్టినారని అడగాల" అన్నాడు.

ఇంజిన్ తయారయ్యాక ఆసామి ఫోనులో ఒక వీడియో పట్టుకొచ్చాడు. "ఏమప్పా, మన బండికి ఈ నాలుగు బాకాలు ఏస్తే ఎట్లుంటాది?"

బండికి మొదటినుంచీ ఉన్నవి రెండు చిన్న కార్బురేటర్లు. రెండు సిలిండర్లకు ఒకటి చొప్పున గాలీ పెట్రోలూ కలిపి ఇస్తాయి. వీడియోలో ఉన్నవీ రెండే, కాని పెద్దవి. ఒక్కోదానికి రెండేసి గొంతులు, ప్రతి గొంతుకూ ముందు మెరిసే అల్యూమినియం బాకా. పందేల బండ్లకు పనికొచ్చే సరుకు అది. ఫ్యాక్టరీకీ ఇంటికీ తిరిగే మనిషికి ఎందుకని నేను అంటే, "రెండూ ఏసి చూపీ. చూసినాక ఆయప్పే చెప్తాడు" అన్నాడు ఉస్తాద్. మనుషుల మీద ఆయనకు ఆ నమ్మకం ఎక్కడినుంచి వచ్చేదో నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

ఒక ఆదివారం పొద్దున్నే కడప రోడ్డు మీదికి తీసుకెళ్లాను. వెనక పెద్ద కారులో ఆసామి, వీడియో తీయడానికి ఆయన స్నేహితులు ఇద్దరు. అందులో ఒకడు పాతకార్ల క్లబ్బులో మెంబరట. బానెట్ లోపలికి పెద్ద డాక్టరులా తొంగిచూసి, దీనికి గ్యాస్ కిట్టు వేయొచ్చా అని అడిగాడు.

ఎంత తాగుతుందో కొలవడానికి లీటరు పెట్రోలు సీసా బానెట్ పక్కన వేలాడదీసి, దాన్నుంచి పైపు ఇచ్చి, రెండు జోడీలతోనూ ఒకే ఎత్తు మీద ఒకే గేరులో నడిపాను. పాత జోడీతో బండి గొణగకుండా ఎక్కింది. ప్లగ్గులు విప్పితే ఇటుక రంగు, కళ్లకద్దుకోవచ్చు. షెడ్డుకు వచ్చి కొత్త జోడీ బిగించి, పెట్రోలు వదిలే జెట్లు మూడుసార్లు మార్చి, మళ్లీ వెళ్లాను. తక్కువ స్పీడులో దగ్గింది, తడబడింది. గట్టిగా తొక్కాక మాత్రం అరుచుకుంటూ ఉరికింది. సీసా సగం దారిలోనే అయిపోయింది. ప్లగ్గులు మసి.

ఇదంతా నేను ఆసామికి విడమరిచి చెప్పాను. ఆయన సాంతం విని, "సౌండు యిన్యావా?" అన్నాడు.

తీర్పు అయిపోయింది. కొత్తవే ఉంచాం. నాకు ఆ మనిషంటేనే చీదర పుట్టింది.

ఆ వారంలోనే ఉస్తాద్ కంటి ఆపరేషనుకని రాయచోటిలో కూతురింటికి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ, "ఫిల్టర్లు లేకుండా బండి గేటు దాటకూడదు" అని రెండుసార్లు చెప్పాడు. నేను రేకుతో ఒక పెట్టె చేయించి, గాలి వడకట్టడానికి జాలీ, స్పాంజీ పెట్టి, ఆ బాకాల మీద బిగించాను. బండి తీసుకుపోవడానికి వచ్చిన ఆసామి మొహం మాడిపోయింది.

"ఈ రేకుడబ్బా ఏందప్పా? తీసెయ్. బాకాలు కనపడాల గదా."

ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. అన్నా, నీ ఫ్యాక్టరీలో గాలంతా రాళ్ల దుమ్మే, ఇంజిన్ దాన్ని పీల్చితే నాలుగు నెలలు ఆగదు అని. చెప్తే వినేవాడేమో కూడా. నేను చెప్పలేదు. "తీసెయ్యమంటే తీసేస్తానన్నా" అని నవ్వుతూ నాలుగు బోల్టులు విప్పి, పెట్టెను అటక మీద పడేశాను. తిననీ దుమ్ము, అప్పుడు తెలుస్తుంది అనుకున్నాను. ఆ ఇంజిన్ ఎవరి చేతి పనో ఆ క్షణంలో నాకు గుర్తే లేదు.

మూడు నెలలకే బండి లారీ మీద తిరిగొచ్చింది. నీలిపొగ కక్కుతోందని చెప్పి, దింపి, డ్రైవరు వెళ్లిపోయాడు. ఉస్తాద్ అప్పటికి రాయచోటి నుంచి వచ్చి ఉన్నాడు. ఆపరేషను అయినా చూపు పెద్దగా తిరిగి రాలేదు. ఆ మధ్యాహ్నం నమాజుకు వెళ్లాడు. నేను బానెట్ ఎత్తి చూశాను. నాలుగు గొంతుల్లోనూ బూడిదరంగు ముద్ద.

తర్వాత నేను చేసిన పని ఏ ఫ్యాక్టరీ ఆసామీ చేయడు. ఆ గొంతులన్నీ పెట్రోలుతో కడిగాను. అటక మీది రేకుపెట్టె దించి బిగించాను. కొత్తగా కనిపించకూడదని దానికి కాస్త గ్రీజూ దుమ్మూ పూశాను.

ఉస్తాద్ వచ్చి ముందు ఆ పెట్టెనే తడిమి చూశాడు. తలూపాడు. హెడ్డు విప్పించి, బోరులో వేలు పెట్టి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి తిప్పాడు. వేలికి గీతలు తెలుస్తాయి, అవి ఎందువల్ల పడ్డాయో తెలియదు. నాలుగు బోర్లూ చూసి స్టూలు మీద కూర్చున్నాడు.

"రింగులు నేనే సరిగ్గా కూసోబెట్టలేదు. నా చేతులు పోయినాయిరా."

"లేదు ఉస్తాద్" అన్నాను.

"ఆయప్పకు ఫోను కలుపు. నేను మాట్లాడాల."

నంబర్లు ఆయనకు కనిపించవు. నేనే కలిపి, స్పీకరు పెట్టి, ఆయన నోటి దగ్గర పట్టుకున్నాను. తప్పు నాది నాయనా, మాఫ్ చెయ్యి అన్నాడు ఉస్తాద్.

"ఎంత మాట ఉస్తాద్. వయసైపోయినాక ఎవురికైనా అంతే. మనసులో ఏం పెట్టుకోవద్దు మీరు" అన్నాడు ఆసామి.

ఆ మాటలో కూడా వెక్కిరించడానికి ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాను. ఏమీ లేదు. ఉస్తాద్ చెయ్యి తుడుచుకుని, ఫోను పెట్టెయ్యమన్నాడు. పెట్టేశాను.