రెండిళ్ళ పప్పు

మా ఆయన నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేటకు షేర్ ఆటో నడుపుతారు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. కొన్నాళ్ళ క్రితం నూనె, కందిపప్పు, ఇంటద్దె, పాప స్కూలు ఫీజు ఒకదాని వెనక ఒకటి పెరిగాయి. మా ఆయన చార్జీ పెంచితే ఆటో ఎక్కేవాళ్ళు తగ్గిపోయారు. మళ్ళీ పాత చార్జీకే దిగారు. జాకెట్టు కూలి పెంచడానికి నాకూ నోరు రాలేదు, కుట్టించుకునేదీ మాలాంటి వాళ్ళే. దాంతో వంటింట్లోనే సర్దుకోవడం మొదలుపెట్టాను. గుప్పెడు పప్పుకు చెంబుడు నీళ్ళు పోసేదాన్ని.

ఒకరోజు అన్నం తింటూ పాప, "అమ్మా, ఇది పప్పా, చారా?" అంది. జాకెట్టు కోసం వచ్చిన ఎదురింటి పెద్దమ్మ అప్పుడు మా గుమ్మంలోనే కూర్చుని ఉంది. భర్త పోయాక ఆవిడ ఒక్కతే ఉంటోంది. గొలుగొండ దగ్గర కాస్త జీడితోట ఉంది. ఏమీ విననట్టే జాకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే తన కుక్కరు పట్టుకుని వచ్చింది.

"ఒక్కదానికోసం పొయ్యెలిగిత్తే గ్యాసు దండగమ్మా. ఇకనించి కలిపి ఒండేద్దాం. పప్పూ కూరా నాను తెత్తాను, బియ్యం నువ్వెట్టు. ఒండటం మాత్రం నీదే, నాకు మోకాళ్ళ నొప్పులు."

"అలా ఎలా పెద్దమ్మా, మీకెందుకీ..."

"ఏటి ఎలా? ఒక్కదాన్నే తింటే ముద్ద దిగట్లేదంతన్నాను. బేగి అందుకో."

సాయం అన్న మాట ఆవిడ నోట రాలేదు. తనకే అవసరమన్నట్టు అడిగింది. ఆ మర్యాద తలుచుకున్నప్పుడల్లా మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి. పక్కవీధిలో జెరాక్సు షాపు నడుపుకునే ఆయన కండువా వేసుకుని మా ఇంటికి ప్రచారానికి వచ్చాడు. "ధరల పెరుగుదల బాగా తగ్గిందండి. టీవీలో కూడా సెప్పారు" అన్నాడు.

పెద్దమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూనే అడిగింది. "పెరగటం తగ్గిందంతన్నావు. పెరిగినవి దిగొచ్చాయా బాబూ?"

"దిగలేదు గానండి, మునుపంత జోరుగా పెరగట్లేదు."

"మంచిదే నాయనా. కానీ నూనె ఎక్కినకాడే కూకుంది. ఈళ్ళాయన ఆటో చార్జీ ఎక్కడిదక్కడే ఉంది. మరి ఈళ్ళకి ఏటి తేలికయినట్టు?"

వాదిస్తాడనుకున్నాను. ఆయన కండువా తీసి ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డాడు. "మా ఇంట్లోనూ ఇదే గొడవండి. జెరాక్సు రేటు పెంచితే పక్క షాపుకెళ్ళిపోతన్నారు" అని నవ్వేశాడు.

"అయితే తినేసి ఎల్లు" అంది పెద్దమ్మ. ఆ పూట గోంగూర పప్పు. రెండోసారి అడిగి వేయించుకున్నాడు. ఓటు సంగతి ఎత్తకుండానే వెళ్ళిపోయాడు.

ఓటింగు రోజున మా ఆటోలోనే అందరం కలిసి వెళ్ళాం. లైన్లో నిలబడ్డప్పుడు వచ్చే నెల అద్దె గురించి దిగులు నాకు అలాగే ఉంది. అయితే పాప కడుపు గురించి దిగులు లేదు.

ఈమధ్య మా ఆయనకు స్కూలు పిల్లల ట్రిప్పు దొరికి కాస్త ఊపిరాడుతోంది. ఇంకా మీమీద భారం వేయడం బాగోదు, మా పప్పు మేం కొనుక్కుంటాం అని పెద్దమ్మతో అన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది.

"మరి నానెవరితో తినాలమ్మా?"

ఆ మాట నేను మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు ఇదివరకటిలా వడ్డించి పక్కకు వెళ్ళకుండా నా కంచం కూడా తెచ్చుకుని ఆవిడ పక్కనే కూర్చుంటున్నాను.