చీమల కథ తర్వాత

సినిమాకైనా నవలకైనా శుభం కార్డు పడ్డాక "తర్వాత?" అనడం జయంతికి చిన్నప్పటి అలవాటు. నల్లగండ్ల నుంచి కోకాపేట ఆఫీసుకు క్యాబులో వస్తూ, చున్నీ కొస నములుతూ ఆమె చదివిన నవలలో చీమలన్నీ ఏకమై రాణిని తరిమేస్తాయి. ఖాళీ సింహాసనం దగ్గర కథ అయిపోతుంది. మర్నాడు చీమలు ఎవరి మాట విన్నాయో రచయిత చెప్పలేదు. అది తేలక ఆమెకు ఒకటే తికమక.

ఆఫీసులోనూ ఒక కుర్చీ ఖాళీ అయింది. రోజూ పొద్దున తను కూర్చుని, అందరినీ చుట్టూ నిలబెట్టి, ఎవరి పని ఎంతయిందో నిలదీసే మేనేజరు మీద టీమంతా ఫిర్యాదు చేస్తే, యాజమాన్యం నిన్ననే ఆయన్ని పంపించేసింది. ఫిర్యాదులో మొదటి సంతకం జయంతిదే. ఈరోజు పిలిచేవాళ్లు లేకపోయినా, వేళకి అందరూ వచ్చి ఆ కుర్చీ చుట్టూ నిలబడ్డారు. "ఇగ ఎవరికి చెప్పాలె?" అన్నాడు దినేశ్. నిలబడి నిలబడి కాళ్లు పీకుతుంటే, జయంతి ఏమీ ఆలోచించకుండా ఆ కుర్చీలో కూర్చుంది. నిన్నటిదాకా "ఏంది జయంతీ" అని పలకరించిన దినేశ్, చేతులు కట్టుకుని ఆమె వైపు తిరిగాడు. "నిన్నటి పని జర మిగిలింది మేడం." ఆమె కంగారుగా లేవబోయింది. ఇంతలో "ఎందుకు మిగిలింది?" అని ఎవరో గద్దించారు. ఆ గొంతు తనదే.