రత్నమ్మ పెద్దమ్మ ఎంచిన మందు

2022. జిల్లాలను మళ్ళీ విడదీసిన ఏడాది. గుంటూరులో ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో కీమో డే కేర్ వార్డు నర్సుగా ఉండేదాన్ని. మాది గిద్దలూరు. మార్కాపురం వైపు నుంచి ఎవరొచ్చినా, నోరు తెరవగానే మనవాళ్ళని పట్టేసేదాన్ని. వాళ్ళూ ఇక నన్ను వదిలేవారు కాదు.

సుబ్బరాయశెట్టి గారిది మార్కాపురంలో పలకల వ్యాపారం. ఊపిరితిత్తుల క్యాన్సర్, మూడో దశ. ఆపరేషన్‌కు వీలుపడదు, కానీ మిగతా అవయవాలకు పాకలేదు. ఇలాంటప్పుడు రేడియేషన్ నడుస్తుండగానే కీమో కూడా ఇస్తాం. దాన్నే కంకరెంట్ కీమోరేడియేషన్ అంటాం.

ఆ కీమోకి రెండు జంటలున్నాయి. సిస్‌ప్లాటిన్, ఎటోపోసైడ్ అయితే వరసగా కొన్ని రోజులు ఎక్కించి మధ్యలో విరామం ఇస్తాం. వాంతులు ఎక్కువ, కిడ్నీల కోసం సెలైన్లు బాగా పెట్టాలి. పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ అయితే వారానికోసారి. వాంతులు తక్కువే, కానీ చేతులూ కాళ్ళూ తిమ్మిరెక్కుతాయి, రక్తకణాలు పడిపోతాయి.

"ఆయన ఒంటికి రెండూ ఇవ్వొచ్చు. వీటిలో ఇదే మేలని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. ఆలోచించుకుని మీరే చెప్పండి" అన్నారు డాక్టరు గారు.

శెట్టిగారు భార్య రత్నమ్మ వైపు చూశారు. ఆవిడ బయటికొచ్చి నన్ను నిలదీసింది.

"ఏందమ్మాయ్ ఇది! సరుకు రెండు రకాలుంటే మంచిదేదో అంగడోడే చెప్పాల గదా?"

"రెండూ మంచివే అయితే ఏం చెప్తాడు పెద్దమ్మా?"

"అట్లయితే దేవుణ్ణే అడుగుతా" అని ఊరికి బయల్దేరింది.

మా వైపు ఎటూ తేలని పనికి గుళ్ళో పూజారి చేత ఎర్రపువ్వొకటి, తెల్లపువ్వొకటి పొట్లాలు కట్టించి దేవుడి ముందు పెట్టి, కళ్ళు మూసుకుని ఒకటి తీస్తారు. రత్నమ్మ మర్నాడు వచ్చి, "తెల్లపువ్వు వచ్చింది. వారం వారం ఇచ్చే మందే" అంది. మొదలుపెట్టేశాం.

కొన్ని వారాలకు శెట్టిగారి అన్నవాహిక పుండుపడింది. మజ్జిగ గుటక వేసినా కళ్ళనీళ్ళు తిరిగేవి. ఆయన తినలేకపోతుంటే రత్నమ్మ కూడా తిండి మానేసింది. నాకు ఒళ్ళు మండింది.

"ఏం పెద్దమ్మా, నీకూ పక్కనే మంచం వేసి సెలైన్ పెట్టమంటావా?"

ఆవిడ గోడకు జారగిలబడి ఏడ్చేసింది. "ఎర్రపువ్వు వచ్చింది అమ్మాయ్. ఆ మందుకు అన్ని వాంతులంటే నాకు ప్రాణం ఒప్పలేదు. తెల్లదని అబద్ధం చెప్పినా. చేతులారా చంపుకుంటున్నా ఆ మనిషిని!"

ఆవిడ చెయ్యి పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. "ఇది ముఖ్యంగా రేడియేషన్ వల్ల వచ్చిన పుండమ్మా. ఆ ఇంకో మందు ఇచ్చినా వచ్చి ఉండేది. తగ్గిపోతుంది" అన్నారాయన. ఆవిడ తలూపింది కానీ మనసు కుదుటపడలేదు.

"ఆయనకే చెప్పెయ్ పెద్దమ్మా" అన్నాను.

చెప్పింది, మంచం పక్కన నిలబడి, తల వంచుకుని. శెట్టిగారు బొంగురుపోయిన గొంతుతో, "నాకు తెలుసులే. పూజారి ఆ పొద్దే ఫోన్ చేసినాడు" అన్నారు.

"తెలిసీ ఈ మందు ఎట్ల ఎక్కించుకున్నావు?"

"దేవుడు ఒక్క పూట చూసి చెప్పినాడు. నువ్వు పెండ్లయినకాడ్నుంచి చూస్తా ఉండావు. నాకేది పడతాదో నీకంటే ఎవరికి తెలుసు?"

"ఆ ముక్క అప్పుడే చెప్తే నీ సొమ్మేం పోయింది!" అని ఏడుస్తూనే తిట్టింది. ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో కడుపునిండా తింది. ఎదురుగా కూర్చున్న నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఆయన గొంతు తేరుకుంది, స్కాన్‌లో గడ్డ తగ్గింది. చికిత్స పూర్తి చేసుకుని ఊరెళ్ళి మళ్ళీ దుకాణంలో కూర్చున్నారు.

"మీరే చెప్పండి" అంటే రోగికి మర్యాద ఇచ్చామనుకుంటాం. ఆ బరువంతా ఇంట్లో ఎవరో ఒక్కరి నెత్తిన పడుతుందని నాకు రత్నమ్మ పెద్దమ్మ వల్లే తెలిసింది. ఇప్పుడు మందుల గురించి చెప్పాక పక్కన నిలబడ్డ మనిషిని కూర్చోబెట్టి ఇంకో మాట చెబుతాను. "మీరు ఏది ఎంచుకున్నా సరే, రేపు ఏం జరిగినా, అది మీ తప్పు కాదు."