ఎడమకు ఒరిగిన సీరం పెట్టె

ఫసలీ 1353లో, అంటే ఇప్పటి లెక్కలో 1944 వేసవిలో, నన్ను నారాయణఖేడ్ తాలూకాకు పశువైద్య అసిస్టెంటుగా వేశారు. ఖేడ్ అప్పుడు నిజాం రాజ్యంలో బీదరు జిల్లా కింద ఉండేది. తాలూకా మొత్తానికి పశువైద్యుణ్ణి నేనొక్కణ్ణే. జనం సలోత్రి అనేవారు. నా పైఅధికారి సూపరింటెండెంటు బీదరులో ఉండేవాడు. నేను పదవీ విరమణ చేసి ఇప్పటికి రెండేళ్లయింది. ఆ తాలూకాలో నేను చేశానని శాఖ కాగితాల్లో ఉన్న ఒక పని నేను చేసింది కాదు. అది సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

నేను చేరిన వారానికే దొడ్డరోగం వచ్చింది. పుస్తకాల్లో దాని పేరు రిండర్‌పెస్ట్. జ్వరం, నోట్లో పుండ్లు, పారుడు. వారంలో పశువు పోతుంది. వచ్చాక మందు లేదు. ఇంకా సోకని పశువులకు సీరం సూది వేయడమొకటే దారి. సీరం గాజు సీసాల్లో హైదరాబాదు నుంచి జహీరాబాదు దాకా రైల్లో, అక్కణ్ణించి ఖేడ్‌కు బస్సులో వచ్చేది. ఊళ్లకు తీసుకుపోవడానికి శాఖవారి పాత మోటారు సైకిలు ఉంది. జనం దాన్ని ఫట్‌ఫటి అనేవారు. దాని వెనక పెట్టె పెట్టుకునే కారియర్ లేదు. కావాలని రాస్తే వానలు దాటాక పంపుతామని బీదరు నుంచి జవాబు వచ్చింది.

ఖేడ్‌లో మెకానిక్ లేడు. కమ్మరి దగ్గర ఇనుప పట్టీలు కొట్టించుకుని, బర్మాతో బెజ్జాలు నేనే వేశాను. ఎడమవైపు బెజ్జం ఒకటి వేలెడు కిందికి పడింది. కారియర్ ఎడమకు ఒరిగింది. ఒరిగితే ఒరిగింది, గట్టిగా ఉంటే చాలనుకున్నాను. సీరం పెట్టెను దాని మీద బోల్టులతో, పానా ఇక తిరగనంత దాకా బిగించాను.

మొదట వెళ్లిన ఊరు సిర్గాపూర్‌లో, చావడి ముందు పెట్టె తెరిచేసరికి సీసాల మధ్య కుక్కిన గడ్డి తడిసిపోయి ఉంది. పన్నెండు సీసాల్లో ఏడు పగిలాయి. మిగిలినవి దుక్కిటెద్దులకే సరిపోయాయి. ఆవులను, దూడలను తిప్పిపంపాను. ఒక ముసలామె తన ఆవును తోలుకుని వెళ్లిపోయింది. తిప్పిపంపినవాటిలో కొన్ని ఆ వారంలోనే పోయాయి.

మర్నాడు పొద్దున సాయన్న మా పశువుల దవాఖానకు వచ్చాడు. ఖేడ్‌లో మోట తొండాలు కుట్టేవాడు. ఎద్దులతో బావి నీళ్లు తోడే మోటకు తోలు తొండం లేకుంటే పని సాగదు. అతను వచ్చింది నాతో కొట్లాటకు. రోగంతో చచ్చిన పశువు తోలును ఎవరూ వాడకుండా, దాన్ని గాట్లు పెట్టి పాతిపెట్టించాలని మాకు నిబంధన. ఆ హుకుం జారీ చేసింది నేనే.

“తోలు కోసి బొందవెట్టుమంటివి, వెడుతున్నం. మరి మోటలు దేనితోని కుట్టాలె సాబ్, నీ కాగితంతోనా?” అన్నాడు.

అప్పటికే అతని చూపు అరుగు మీది పెట్టె మీద పడింది. ఏమైందని అడిగాడు. చెప్పాను.

“గంత గట్టిగ బిగిస్తే పలగక ఏమైతయ్? ఇనుమూ మొండిదే, సీసా మొండిదే. నడుమ ఒంగేది ఒకటుండాలె.”

ఆ మధ్యాహ్నం బస్సులో కంగ్టి వైపు ఊళ్లకు సీరం రావలసి ఉంది. సాయన్న ఇంటికి పోయి, ఆముదం పట్టించి దాచుకున్న పాత తొండం ఒకటి తెచ్చాడు. ఆ ఏడు కొత్త తోలు దొరకదని తెలిసీ దాన్ని నా ముందే కోశాడు. నాలుగు వార్లు తీసి, ఆరెతో పొడిచి కుట్టి, పెట్టెను పట్టీల నడుమ ఊయలలా వేలాడదీశాడు. నేను పట్టుకున్నాను, అతను లాగి కట్టాడు. అంతా అయ్యాక చూస్తే పెట్టె ఇంకా ఎడమకే ఒరిగి ఉంది. పట్టీలు విప్పి బెజ్జాలు మళ్లీ వేస్తానన్నాను.

“వార్లు నావి, వంకర నీది. వంకరున్నా పోతది. జల్దీ పో, బస్సొచ్చింది.”

దారంతా ఒళ్లు కుడికి వంచుకుని నడిపాను. కంగ్టి అవతలి ఊళ్లో దిగగానే ఒకామె బండిని తేరిపార చూసి, “సలోత్రీ, నీ ఫట్‌ఫటి కుంటుతున్నది గదా, ముందుగాల దానికియ్యరాదు సూది!” అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేక పెట్టె తెరిచాను. ఒక్క సీసాకు మాత్రం పగులు పట్టింది. ఆ ఊళ్లో బాగున్న పశువులన్నిటికీ, దూడలతో సహా, సూదులు పడ్డాయి. తొలకరికి అక్కడ అరకలు కదిలాయి.

వానాకాలంలో తనిఖీకి వచ్చిన సూపరింటెండెంటు ఆ కారియర్ చూసి మెచ్చుకుని, కొలతలతో బొమ్మ గీసి రిపోర్టు పంపమన్నాడు. “స్వయంగా తయారుచేసి బిగించాను” అని రాశాను. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. తోలుపని చేసేవాడి పేరు రాస్తే నవ్వుతారనుకున్నాను. కొలతలు ఉన్నవున్నట్టు వేశాను కనుక నా వంకర బెజ్జం కూడా బొమ్మలోకి ఎక్కింది. ఆ బొమ్మను బట్టి జిల్లాలోని మిగతా తాలూకాలకూ కారియర్లు చేయించారు. అన్నీ ఎడమకే ఒరిగాయి. వాటి వార్లు బీదరులో ఎవరిచేతో కుట్టించారు. నేను పేరు రాసి ఉంటే ఆ పని, నా హుకుం వల్ల చేతిలో తోలు లేకుండా కూర్చున్న సాయన్నకు వచ్చేది.

బదిలీ అయినప్పుడు అతనికి ఇదంతా చెప్పాను. చాలాసేపు నవ్వాడు. “జిల్లా జిల్లంత వంకరవోయిందా సాబ్!” అన్నాడు. ఆ తర్వాత అడిగింది ఒక్కటే: “వార్లు మంచిగ కుట్టిన్రా మరి?” నేను చూడలేదన్నాను.

వంకరగానైనా ఈ రోజు కదిలే పని, వానలు దాటాక వచ్చే చక్కటి పనికన్నా మేలని ఆ వేసవిలో నేర్చుకున్నాను. నేర్పింది సాయన్న. అందుకు అతనికి ఎప్పటికీ కృతజ్ఞుణ్ణి. పని గురించి రాసేటప్పుడు చేసినవాడి పేరు రాయాలన్నది మాత్రం తప్పు చేశాక నేర్చుకున్నాను. ఆ తర్వాత నా కింద పనిచేసినవారందరిచేతా అలాగే రాయించాను. నా పాత రిపోర్టు ఒక్కటే దిద్దకుండా మిగిలిపోయింది. అందులో “స్వయంగా తయారుచేసి” అన్నచోట “నారాయణఖేడ్ సాయన్న చేత తయారుచేయించి” అని చదువుకోవాలి.