అత్తగారి నడక, ఆఫీసు ఆరోగ్యం

మా అత్తగారు ఒక పెద్ద ఆఫీసులో ఊడ్చి, తుడిచి, మూడంతస్తులకూ టీలు మోస్తుంది. అక్కడ అందరూ ఆవిడను పిన్నీ అంటారు. వరస కలిపితే జీతం పెంచక్కర్లేదు కదా!

ఆ ఆఫీసు ఉద్యోగులందరికీ కలిపి ఒకటే ఆరోగ్య బీమా. "ఎవరి ఆరోగ్యం వాళ్ళ బాధ్యత. ఒకళ్ళు బద్ధకిస్తే అందరి ప్రీమియం పెరుగుతుంది" అని మేనేజరు ఉపన్యాసం దంచి, నడక లెక్కపెట్టే చేతిపట్టీలు తలా ఒకటి పంచాడు. బాగా నడిస్తే ప్రీమియం తగ్గిస్తారట. రెండు రోజులు అందరూ వరండాలో తెగ తిరిగారు. ఆ తర్వాత క్యాషియరు, "పిన్నీ, ఎలాగూ తిరుగుతూనే ఉంటావుగా, ఇది కూడా నీ చేతికి ఉండనీ" అన్నాడు. వారం తిరిగేసరికి మా అత్తగారి చేతులకు మోచేతుల దాకా పట్టీలే. మేనేజరుది కూడా అందులోనే ఉంది.

"ఇదేం చోద్యం అత్తయ్యా! వాళ్ళు కూర్చుని తింటే నువ్వు అరిగించాలా?" అని గొంతు చించుకున్నాను.

"ఊరుకోవే. ఆఫీసు ఆరోగ్యమంతా నా చేతుల్లోనే ఉంది" అని మురిసిపోయింది.

ఆ ఏడాది ప్రీమియం తగ్గింది. కేకు కోసుకున్నారు. ప్లేట్లు ఆవిడే కడిగింది.

తర్వాత మోకాలు మొరాయించింది. ఆపరేషన్ చేయించకపోతే ఇక నడవలేదన్నాడు డాక్టరు. ఆవిడ పట్టీలు తిప్పి పంపేసి మంచమెక్కింది. దాంతో ఆఫీసు ఆఫీసంతా ఒక్కసారిగా కదలడం మానేసినట్టు లెక్కలొచ్చాయి.

మేనేజరు, క్యాషియరు పళ్ళు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. నా ప్రాణం కాస్త కుదుటపడింది. "బీమాలో మా అత్తయ్య పేరు కూడా చేర్పించండి సార్" అని అడిగాను.

"ఆవిడ కాంట్రాక్టు మనిషమ్మా, కుదరదు. అయినా ఎవరి ఆరోగ్యం వాళ్ళే చూసుకోవాలి" అంటూ మేనేజరు సంచీ అడుగునుంచి పట్టీలు తీశాడు. "పడుకుని చేతులు ఊపినా చాలు పిన్నీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరిచేలోగా మా అత్తగారు చెయ్యి చాపింది. ఖర్మ, కట్టించుకుంటుంది కాబోలు అనుకున్నాను.

"నిజమే బాబూ, ఎవరిది వాళ్ళే చూసుకోవాలి" అని, ఒక పట్టీ ఏరి మేనేజరు చేతికి కట్టింది. ఇంకొకటి క్యాషియరుకు కట్టింది. ఏది ఎవరిదో వాళ్ళకే తెలియదు. మిగిలినవి సంచీలో వేసి ఇచ్చేసింది.

మా మేడ దిగుతూ ఇద్దరూ మెట్ల మధ్యలో ఆగి ఆయాసపడటం మంచం దాకా వినిపించింది.

"పాపం, అలవాటు తప్పిందే వాళ్ళకి" అంది మా అత్తగారు. ఆ తర్వాత మోకాలు పట్టుకుని ఏడ్చింది.