మెరుగు రాయి చప్పుడు

మా పుట్టింట్లో బెల్లం వండేవారు. గోవాడ పక్క ఊరు మాది. పెనంలో చెరకు రసం మరిగి చిక్కబడుతుంటే, ఎప్పుడు దింపాలో మా నాన్న నన్నే అడిగేవాడు. చిటికెడు పాకం నీళ్లలో వేసి, వేళ్ల మధ్య ఉండ చేసి చూసి చెప్పేదాన్ని. తప్పు చెప్పావని ఎవరూ అనలేదు. నా చదువు రెండో తరగతితో ఆగింది గాని, నా కంటి మీద నాకున్నంత నమ్మకం మా పంతులుగారికి తన చదువు మీద కూడా ఉండేది కాదు.

ఆ నమ్మకంతోనే చోడవరం కోడలిగా వచ్చాను. మా మావయ్యది వడ్రంగం. దేవుడి పటాలకు చెక్కుడు చట్రాలు చేసేవాడు. వాటికి బంగారు రేకు అద్దడం మాత్రం అత్త పని. నేను వచ్చిన మూడో నెలకి అత్త కళ్లకు పొర కమ్మిందని ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. బియ్యంలో రాళ్లే ఏరలేకపోతోంది. తుమ్మితే ఎగిరిపోయే రేకుని ఏం అద్దుతుంది?

అప్పుడే వడ్డాది భజన మందిరం వాళ్లు రాముల వారి పటానికి చట్రం చెప్పారు. చెక్కడం అయ్యాక మావయ్య అరుగు మీద కూర్చుని తేల్చేశాడు.

"దీనికి రేకు మనింట్లో అవదు. పట్నంలో అద్దీవోలికి ఇచ్చీస్తాను. ఇదే కాదు, ఇక మీదటివీ అంతే."

అత్త చేట కింద పెట్టింది. "ఇన్నేళ్లు నా సేత్తో అద్దిన పని ఊరోలికి ఇచ్చీడమేటి? కోడలికి నేర్పుతాను."

"బెల్లం వండే గుంటకా?"

"నానేటి, రేకు పట్టుకునే పుట్టేనా? ఈ ఒక్క చట్రం మాకొగ్గీ. సెడితే నువ్వన్నట్టే కానీ."

నన్నెవరూ అడగలేదు. అడిగుంటే, ఆ పని అప్పుడే వచ్చేసిందని చెప్పేదాన్ని.

తోలుతో చేసిన జిగురుని వజ్రం అంటారు. దాన్ని రాత్రంతా నానబెట్టి, వేడి నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించి, సుద్ద కలిపి చెక్కకు పూతల మీద పూతలు వెయ్యాలి. ఆరాక నున్నగా తోమి, దాని మీద అదే జిగురుతో మెత్తటి ఎర్రమట్టి పూయాలి. ఆ మట్టిని నీళ్లతో తడిపి, తడి ఉండగానే రేకు వదలాలి.

"ముందు ఒక మూలే సెయ్యి. వజ్రం యెచ్చబెట్టు, అంతే," అని చెప్పి అత్త బట్టలు ఉతకడానికి వెళ్లింది.

జిగురు చూస్తే నీళ్లలా ఉంది. ఇది పాకం కాలేదనుకున్నాను. గిన్నె తీసి నేరుగా పొయ్యి మీద పెట్టి, కుతకుతా మరిగించాను. చుక్క నీళ్లలో వేసి చూశాను కూడా! అత్త వచ్చేసరికి సుద్ద కలిపేసి, "పాకం బాగా కుదిరింది అత్తమ్మా," అన్నాను. జిగురు పాకమేమిటని ఆవిడ నవ్వుకుంది గాని, నేను పొయ్యి ఎక్కించానని ఊహించలేదు.

రేకు అద్దే రోజు తలుపులు మూసుకున్నాం. మెత్తటి కుంచెను బుగ్గకు ఒకసారి రాసుకుంటే, ఆ కాస్త జిడ్డుకే రేకు అంటుకుని లేస్తుంది. నా చేతిలో చక్కగా లేచింది, చక్కగా వాలింది. కొన్ని గంటలు ఆగాక అత్త మెరుగు రాయి ఇచ్చింది. కుక్క కోరలా వంగిన నున్నటి రాయి అది.

"రుద్దకు. ముందు తట్టు."

తట్టాను. తుప్ మంది.

"ఆగే. ఈ సప్పుడు బాగోనేదు."

"మీకు కనబడ్డం నేదు గానీ అత్తమ్మా, దగదగా మెరిసిపోతంది!" అంటూనే రుద్దాను. బంగారం, ఎర్రమట్టి, సుద్ద మూడూ కలిసి పుండు చెక్కులా లేచి వచ్చాయి. కింద చెక్క కనబడింది.

అత్త ఆ చోటు వేలితో తడిమింది. పొడి నలిపి చూసింది. "మరిగించేసేవా?"

తలూపాను. ఆవిడకి కనబడదని గుర్తొచ్చి, "ఊఁ," అన్నాను.

"ఓసి నీ బెల్లం మండా! మరిగితే వజ్రానికి పట్టు పోతాదే!"

మావయ్య వచ్చి చూసి, చట్రం పట్నం పట్టుకెళ్లడానికి గోనెసంచి తెచ్చాడు. అత్త చట్రం మీద చెయ్యి వేసి వదల్లేదు. "ఒక మూలే సెడింది. నాలుగు మూలలూ సెడినాక అట్టుకెల్దువు గాని." సంచి అక్కడే పడేసి వెళ్లిపోయాడు.

వేడి నీళ్ల గుడ్డతో ఆ మూలంతా తుడిచి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి జిగురులో వేలు పెట్టి, కాలకుండా ఉంటేనే వాడాను. రేకు వేసి కొన్ని గంటలు ఆగాక, అత్త గోడ వైపు తిరిగి కూర్చుని చప్పుడుకి చెవి పెట్టింది. తట్టాను.

"ఎలగుంది?" అంది.

"ఇంకా తడుంది అత్తమ్మా."

మరి కాసేపటికి తట్టాను. గాజు మీద గోరు తగిలినట్టు టిక్కుమంది. ఇద్దరం ఒకేసారి "ఇప్పుడు!" అన్నాం. రాయి జారుతుంటే బంగారం వెలిగింది. ఒక్క పెచ్చు లేవలేదు. మిగిలిన మూడు మూలలూ నేనే చేశాను. అత్త మాట కోసం చూడలేదు.

చట్రం వడ్డాది వెళ్లిన వారానికి మావయ్య ఇంకోటి చెక్కి, తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టాడు. అలవాటుగా అత్తనే అడిగాడు, "ఎన్నాళ్లకవుతాదే?"

"నన్నడుగుతావేటి? దాన్నడుగు."

మావయ్య నా వైపు తిరిగాడు. మూడు నెలల కిందటైతే రోజు, పూటతో సహా చెప్పేసేదాన్ని.

"తట్టి సూసి సెప్తాను మావయ్యా," అన్నాను.