ఒకే బల్ల మీద రెండు లెక్కలు

మొన్న మా మనవరాలు తన స్నేహితురాలి ఫిజిక్స్ రికార్డు తెచ్చి నా ఒళ్లో పెట్టి, అమ్మమ్మా, నీ రాత బాగుంటుంది కదా, ఈ అంకెలు నా రికార్డులోకి ఎక్కించిపెట్టు అని గారాబంగా అడిగితే, కళ్లు సరిగా ఆనడం లేదని అబద్ధం చెప్పి తప్పించుకున్నాను. అప్పుడు నా చేతిలో పేపరుంది కాబట్టి అది అబద్ధమని దానికీ తెలుసు. అసలు సంగతి చెప్పాలంటే అరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి, అంతసేపు కూర్చునే ఓపిక దానికి లేదు. మీరు నా ఈడువాళ్లు కాబట్టి మీకు చెప్పుకుంటున్నాను.

కరీంనగర్‌లో నేను బీఎస్సీలో చేరిన ఏడాది మా తరగతిలో నలభై మంది మగపిల్లలు, ఇద్దరమే ఆడపిల్లలం. ఆ రెండో అమ్మాయి మందమర్రి నుంచి వచ్చింది, వాళ్ల బాపు బొగ్గుబావిలో పనిచేసేవాడు, ఇక్కడ మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది. మగపిల్లలతో మాట్లాడటమనే ప్రసక్తే లేని రోజులు కదా, పొద్దున గేటు దగ్గర కలుసుకున్నది మొదలు సాయంత్రం మళ్లీ అక్కడే విడిపోయేదాకా మా ఇద్దరికీ మేమిద్దరమే. ఆమె తెచ్చిన జొన్నరొట్టె నేను తినేదాన్ని, నా సర్వపిండి ఆమె తినేది. ఒకరికి జ్వరం వస్తే, ఒక్కతే ఆ మొదటి బెంచీ మీద కూర్చునే ధైర్యం లేక, రెండోది కూడా కాలేజీ మానేసేది.

మా పెద్దన్న అంతకుముందు అదే కాలేజీలో చదివాడు. ఆయన సైకిలు తమ్ముడికి వచ్చినట్టే ఆయన రికార్డు నాకు వచ్చింది. తరగతిలో దాదాపు అందరి దగ్గరా అట్లా ఎవరో ఒక సీనియర్ రికార్డు ఉండేది, లాబ్‌లో ప్రయోగం చేశామనిపించుకుని ఇంటికి వెళ్లి అందులోంచి దించుకునేవాళ్లం. కాపీ అంటే పరీక్ష హాల్లో చీటీలు పెట్టుకోవడమే అనుకునేవాళ్లం, ఇది కూడా ఆ బాపతేనని నాకు తోచనైనా తోచలేదు.

ఆ రోజు మా ఇద్దరికీ కలిపి ఒకే బల్ల మీద లోలకం ప్రయోగం ఇచ్చారు. దారానికి కట్టిన గుండు ఇరవైసార్లు ఊగడానికి ఎంతసేపు పడుతుందో స్టాప్‌వాచీలో చూసి లెక్క కడితే భూమ్యాకర్షణ విలువ తొమ్మిది వందల ఎనభై దాకా రావాలి. మాకు తొమ్మిది వందల ఇరవై వచ్చింది, మూడుసార్లు చేసినా అంతే. నేను ఇంటికి వెళ్లి అన్న అంకెలు దించుకున్నాను, ఆమె మాత్రం కళ్లతో చూసిందే రాసింది.

తర్వాతి వారం రికార్డులు దిద్దుతూ లెక్చరర్ గారు, ఒకే బల్ల మీద చేసినవాళ్లకు రెండు రకాల అంకెలుండటం చూసి మా ఇద్దరినీ లేపి నిలబెట్టారు. నాది సరిగ్గా వచ్చింది కాబట్టి ప్రయోగం నేను చేశానని, ఆమె ఊరికే కూర్చుని తోచిన అంకెలు వేసిందని ఆయనే తేల్చేసి, అందరి ముందూ ఆమె పేజీ మీద అడ్డంగా గీత కొట్టారు. ఆమె వాదించలేదు, నా వైపు చూసింది. నేను ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ మార్కులు తగ్గితే చదువు మాన్పిస్తానన్న మా బాపు గుర్తొచ్చాడు, వెనక బెంచీల్లో నవ్వు వినిపించింది, నేను తల వంచుకుని నిలబడ్డాను.

సాయంత్రం గేటు దగ్గర ఆమె ఒక్క మాటే అన్నది.

"నువ్వు చెప్తవనుకున్న."

మర్నాటి నుంచి నాకోసం ఆగలేదు. అదే బెంచీకి ఆ చివర ఆమె, ఈ చివర నేను. తరగతులయ్యాక ఒక్కతే లాబ్‌లో ఉండి ఆ ప్రయోగం మళ్లీ మళ్లీ చేసి, మళ్లీ తొమ్మిది వందల ఇరవైయే రాసి ఇచ్చేది. మొండిదని పేరు తెచ్చుకుంది.

ఆ మొండితనానికి విసిగిపోయి నెల తర్వాత లెక్చరర్ గారు ఆమె పక్కనే నిలబడి, తన చేతివాచీతో పోల్చి చూస్తే తేలింది, లాబ్‌లో ఉన్న ఆ ఒక్క స్టాప్‌వాచీయే తొందరగా నడుస్తోందని. మంచి మనిషి, మర్నాడు తరగతిలో అందరి ముందూ ఆమెను క్షమించమని అడిగి, మా వైపు తిరిగారు.

"ఈ వాచీతో ఎవరు చేసినా తొమ్మిది వందల ఇరవైయే రావాలె. మరి మీ అందరికీ ఎనభై ఎట్లొచ్చింది?"

నేను లేచాను. మా అన్న రికార్డులోంచి దించానని, ఆ రోజు ఆమె రాసినవే నిజమైన అంకెలని చెప్పాను. ఇంకెవరూ లేవలేదు. ఆ ప్రయోగానికి నాకు సున్నా పడింది కానీ దానికి నేను బాధపడలేదు, ఇప్పుడైనా ఆమె నాతో మాట్లాడుతుందన్న ఆశతోనే లేచానని ఒప్పుకుంటున్నాను. సాయంత్రం పరుగున వెళ్లి గేటు దగ్గర ఆమెను ఆపాను. ఆమె మొహంలో కోపం కూడా లేదు.

"ఆ దినమే చెప్తే నాకోసం చెప్పినట్టు ఉంటుండె. ఇయ్యాల నీకోసం చెప్పుకున్నవ్."

డిగ్రీ అయ్యేదాకా మళ్లీ మా మధ్య మాటల్లేవు. జ్వరం వచ్చినా కాలేజీకి వెళ్లేదాన్ని, ఇంట్లో ఉంటే నీ దోస్తు ఎందుకొస్తలేదని మా అవ్వ అడుగుతుందని భయం. తర్వాత ఆమె మందమర్రి వెళ్లిపోయింది, ఉత్తరం రాయాలని కూర్చున్నప్పుడల్లా ఆ చివరి మాట అడ్డొచ్చేది. నేను బడిలో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పాను, పిల్లలు తప్పు అంకెలు తెస్తే ముందు పరికరం చూసేదాన్ని.

ఇప్పుడు ఆ కాలేజీ ముందు నుంచి వెళ్తుంటే ఎక్కడ చూసినా ఆడపిల్లలే, గుంపులు గుంపులుగా నవ్వుకుంటూ వస్తుంటారు. ఒకరు మాట మానేస్తే పక్కన పది మంది, ఫోనులో ఇంకెంతమందో. వాళ్లను చూస్తే సంతోషంగానే ఉంటుంది, కొంచెం కుళ్లు కూడా. ఆ నలభై మంది మధ్య ఆమెకు నేను తప్ప ఎవరూ లేరు, ఆమె రాసింది నిజమని తెలిసింది కూడా నాకొక్కదానికే.